సాఫ్ట్ లెన్స్‌ని చెక్కేది మెత్తగా ఉన్నప్పుడు కాదు

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. వేలితో తాకితే మడతపడిపోయే తడి పొర లాంటి సాఫ్ట్ కాంటాక్ట్ లెన్స్‌ని ఫ్యాక్టరీలో ఎలా చెక్కుతారు, ఎలా పోత పోస్తారు అన్నది మొదటిది. పాలిమర్ డిప్లొమా చేశారు, ఉంటున్నది గాజువాక, కాబట్టి వైజాగ్ స్టీల్ ప్లాంట్ వైపు ఉన్న మెడ్‌టెక్ జోన్‌లో (వైద్య పరికరాల తయారీ పార్కు) చిన్న జాగా తీసుకుని ఇలాంటి యూనిట్ పెట్టొచ్చా అన్నది రెండోది.

ముందు జవాబులు చెప్పేస్తాను. సాఫ్ట్ లెన్స్ చెక్కేటప్పుడు మెత్తగా ఉండదు. చొక్కా గుండీ అంత గట్టిగా ఉంటుంది. ఆ గట్టి ప్లాస్టిక్‌నే లేత్ మీద చెక్కుతారు, లేదా ద్రవాన్ని అచ్చులో పోసి గట్టిపరుస్తారు. ఆకారం పూర్తయ్యాకే నీళ్ళు తాగిస్తారు. అప్పుడు ఉబ్బి, మెత్తబడి, మీరు చూసే లెన్స్ అవుతుంది. ఇక రెండోది. రోజువారీ, నెలవారీ లెన్సుల యూనిట్ చిన్నగా పెట్టడం కుదరదు. ఆర్డర్ ప్రకారం ఒక్కొక్కటీ లేత్ మీద చెక్కే యూనిట్ అయితే పెట్టొచ్చు. డాబాగార్డెన్స్‌లో ఒక మేడ మీద రెండు లేత్‌లతో నేను పంతొమ్మిదేళ్ళు చేసిన పని అదే. కాకపోతే కష్టం మీరు అనుకుంటున్న చోట ఉండదు. చెక్కడం నేర్చుకోవచ్చు. చంపేది కడగడం. అది ఎందుకో చెప్పడానికే ఇంత పొడుగు సమాధానం రాస్తున్నాను.

చదివే ముందు ఇంట్లో ఒక చిన్న పని చేయండి. నెల అయిపోయి పారేసే లెన్స్‌ని ఒక పింగాణీ సాసర్‌లో పెట్టి రాత్రంతా ఫ్యాన్ కింద వదిలేయండి. పొద్దున్నకి అది ముడుచుకుని, చిన్నదై, గోటితో నొక్కితే పుటుక్కున విరిగే పెంకులా తయారవుతుంది. నేను లేత్ మీద చూసేది దాదాపు ఆ స్థితినే. మళ్ళీ దాన్ని సెలైన్‌లో వేస్తే కాసేపటికి పాత రూపానికి వచ్చేస్తుంది, సగ్గుబియ్యం నానినట్టు. (అలా తిరిగొచ్చిన లెన్స్‌ని కంట్లో పెట్టుకోకండి. అంచుల్లో కంటికి కనపడని చీలికలు ఉంటాయి.)

ఇప్పుడు అసలు సరుకు గురించి. పాత తరం సాఫ్ట్ లెన్సులకి మూలం హెమా అనే ద్రవం. పూర్తి పేరు హైడ్రాక్సీ ఇథైల్ మెథాక్రిలేట్. మీరు పాలిమర్ చదివారు కాబట్టి ఎక్కువ చెప్పను. మెథాక్రిలేట్ భాగం గొలుసు కడుతుంది, హైడ్రాక్సీ భాగం నీటిని పట్టుకుంటుంది. గొలుసులు విడివిడిగా ఉంటే నీటిలో జిగురులా సాగిపోతాయి కాబట్టి, వాటిని ముడివేయడానికి ఈజీడీఎంఏ అనే క్రాస్‌లింకర్ కలుపుతారు. అది ఒక శాతం లోపే ఉంటుంది. ఫిషింగ్ హార్బర్‌లో వల అల్లేవాళ్ళని చూసుంటారు. ముడులు దగ్గరగా వేస్తే వల సాగదు, దూరంగా వేస్తే సాగుతుంది. ఇక్కడా అంతే. ముడులు ఎక్కువైతే లెన్స్ తక్కువ నీళ్ళు తాగుతుంది, తక్కువైతే ఎక్కువ తాగి బలహీనపడుతుంది. మామూలు పాలీహెమా లెన్స్ తడిశాక దాని బరువులో 38 శాతం నీరే.

హెమాలో మెథాక్రిలిక్ ఆమ్లం మలినంగా కొద్దిగా మిగిలినా కథ మారిపోతుంది. ఆమ్లం భాగం లెన్స్‌లో చేరి విద్యుదావేశం తెస్తుంది, లెన్స్ అనుకున్నదానికంటే ఎక్కువ ఉబ్బుతుంది. కొన్ని రకాల లెన్సుల్లో కావాలనే ఆ ఆమ్లం కలుపుతారు, నీటి శాతం పెంచడానికి. తెలిసి కలపడం వేరు, తెలియకుండా డబ్బాలో రావడం వేరు. అందుకే చిన్న ల్యాబులు ద్రవం జోలికి పోవు, గట్టిపడిన బటన్లనే కొంటాయి. మేమూ అంతే.

బటన్ అంటే 12.7 మిల్లీమీటర్ల వెడల్పు, నాలుగైదు మిల్లీమీటర్ల మందం ఉన్న బిళ్ళ. దాన్ని తయారుచేసేవాళ్ళు ద్రవాన్ని చిన్న గొట్టాల్లోనో గిన్నెల్లోనో పోసి, గంటల తరబడి నెమ్మదిగా వేడిచేసి గట్టిపరుస్తారు. తొందరపడితే లోపల బిగుతు మిగిలిపోతుంది. ఆ బిగుతు పైకి కనపడదు, లేత్ మీదా తెలియదు. నీళ్ళు తాగాక బయటపడుతుంది. గుండ్రంగా చెక్కిన లెన్స్ తడిశాక కోలగా తేలుతుంది. అలాంటి లాట్ ఒకటి వస్తే సప్లయర్‌తో పోట్లాడటానికి కూడా మన చేతిలో రుజువు ఉండదు. చెక్కడంలోనే తప్పుందని అంటారు. రెండుసార్లు పడ్డాను ఆ మాట.

లేత్ మీద ఏం జరుగుతుంది

బటన్‌ని బిగించి, వజ్రపు మొన ఉన్న టూల్‌తో ముందు లోపలి వంపు చెక్కుతాం. కంటికి ఆనేది ఈ వంపే, మీ డబ్బా మీద బీసీ అని 8.4, 8.6 అంటూ రాసేది దీన్నే. రాలే రజను తెల్లగా, కొబ్బరి కోరులా ఉంటుంది. తర్వాత ఒక ఇత్తడి కాడ మీద కరిగించిన మైనం వేసి, లోపలి వంపుని దానికి అతికించి, బయటి వంపు చెక్కుతాం. పవర్ వచ్చేది ఇక్కడ. మైనానికి రంగు వేస్తారు, తర్వాత కడిగినప్పుడు మిగిలిపోతే కనపడాలని.

పాత లేత్ అయితే చెక్కిన గీతలు పోవడానికి పాలిష్ చేయాలి. కొత్తగా చేరిన కుర్రాళ్ళు ఇక్కడ ఒకసారి తప్పకుండా తప్పు చేస్తారు. కళ్ళద్దాల పనిలో అలవాటు కొద్దీ పాలిష్ పొడిని నీళ్ళలో కలుపుతారు. నీరు తగిలిన చోట లెన్స్ ఉబ్బుతుంది, పాలిష్ చేస్తుండగానే ఆకారం పోతుంది. అందుకే నూనె లాంటి ద్రవంలో కలపాలి. ఇప్పటి కంప్యూటర్ లేత్‌లకి గాలి మీద తేలే స్పిండిల్ ఉంటుంది, గీతలు అంత సన్నంగా వస్తాయి కాబట్టి పాలిష్ అక్కర్లేదు. పాలిష్ తప్పిందంటే కడగాల్సిన నూనె ఒకటి తగ్గినట్టే.

ఇప్పుడు లెక్క. లెన్స్ తడిశాక అన్ని వైపులా ఉబ్బుతుంది. ఆ విస్తరణ 1.2 రెట్లు అనుకుందాం (మెటీరియల్‌ని బట్టి మారుతుంది, బటన్ల డబ్బా మీద రాసి ఉంటుంది). మీకు 14.4 మి.మీ. డయామీటర్, 8.6 వంపు లెన్స్ కావాలంటే నేను పొడిగా చెక్కాల్సింది 12.0 మి.మీ. డయామీటర్, సుమారు 7.17 వంపు. పవర్ లెక్క ఇంకొంచెం తిరకాసు. వంపులు చదునవ్వడమే కాకుండా, ప్లాస్టిక్ నీళ్ళు తాగాక దాని వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె) కూడా 1.51 దగ్గర్నుంచి 1.44 దగ్గరకి దిగిపోతుంది. రెండూ కలిపితే, పొడిగా -4.00 చూపించిన లెన్స్ తడిశాక -2.90 దగ్గర తేలుతుంది. మొదటిసారి ఈ లెక్క కాగితం మీద చేసినప్పుడు నాకు నమ్మకం కలగలేదు. చెక్కి, తడిపి, కొలిచాక నమ్మాను.

అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 18369 ప్రకారం సాఫ్ట్ లెన్స్ డయామీటర్ 0.20 మి.మీ. అటూ ఇటూ ఉండొచ్చు, వంపూ అంతే. పవర్ 10 లోపు అయితే 0.25 వరకు తేడా ఒప్పుకుంటారు. విస్తరణలో ఒక్క శాతం తేడా వస్తే చాలు, 14.4 డయామీటర్‌లో 0.14 పోయినట్టే. మిగిలిన 0.06లో మీ లేత్ తప్పులు, మీ చేతి తప్పులు, కొలిచే పరికరం తప్పులు అన్నీ సర్దుకోవాలి.

మన వైజాగ్ గాలి

ఇక్కడ మన ఊరి సంగతి వస్తుంది. పొడి హెమా గాలిలోంచి చెమ్మ లాక్కుంటుంది. హైదరాబాద్‌లో ఒకాయన ఏసీ వేసుకుని హాయిగా చెక్కే బటన్‌ని మన దగ్గర జులై, ఆగస్టుల్లో బయట పెడితే మధ్యాహ్నానికి పైపొర మెత్తబడుతుంది. టూల్ కోయదు, లాగుతుంది. అంచు నూలుపోగులా లేస్తుంది. ఇంకా దారుణం ఏమిటంటే, కొంత నీరు అప్పటికే తాగి ఉంది కాబట్టి తర్వాత ఉబ్బాల్సినంత ఉబ్బదు. లెక్క అంతా తప్పుతుంది. మొదటి వానాకాలం మా లెన్సులు చాలావరకు చిన్నవిగా వచ్చాయి. లేత్‌ని మూడుసార్లు సరిచేయించాం. మెకానిక్ విసిగిపోయి, సముద్రం వైపు కిటికీ చూపించి, 'అదేంటి సార్, తెరిచే ఉంది?' అన్నాడు. అప్పటిదాకా ఆ కిటికీ గురించి ఆలోచించిన పాపాన పోలేదు.

తర్వాత చెక్కే గదికి డీహ్యూమిడిఫైయర్ పెట్టి, గాలిలో తేమని 45 శాతం దగ్గర, వేడిని 22 డిగ్రీల దగ్గర ఏడాది పొడుగునా నిలిపాం. కరెంటు బిల్లులో లేత్‌ల వాటా కంటే గాలి ఆరబెట్టే మెషీన్ వాటా ఎక్కువ. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. జనరేటర్‌కి డీజిల్ దొరకలేదు. అద్దాలు పగిలి వాన గదిలోకే కొట్టింది. సీల్ తీయని ప్యాకెట్లలోని బటన్లు బతికాయి. సీల్ తీసి డ్రాయర్లలో పెట్టినవన్నీ పోయాయి. వాటిని ఓవెన్‌లో ఆరబెట్టి వాడదామని మా వాళ్ళు అన్నారు. రెండు ప్రయత్నించి చూశాం. పైన ఎండి లోపల చెమ్మ ఉండిపోయింది, చెక్కుతుంటే నెర్రెలిచ్చాయి. మిగతావి డస్ట్‌బిన్‌లో పోశాం.

కడగడం

చెక్కాక మైనం నుంచి విడదీసి, మైనం కరిగే ద్రావకంలో అల్ట్రాసోనిక్‌లో కడిగి, అప్పుడు సెలైన్‌లో వేస్తాం. హైడ్రేషన్ అంటే నీళ్ళు తాగించడం ఒక్కటే అనుకుంటారు చాలామంది. అసలు పని బయటికి లాగడం. గొలుసులో చేరకుండా మిగిలిన హెమా, రసాయన చర్యని మొదలుపెట్టడానికి వేసిన ఇనిషియేటర్ ముక్కలు, పొట్టి గొలుసులు, మైనం, పాలిష్ నూనె, ఇవన్నీ ఆ వలలో ఇరుక్కుని ఉంటాయి. పొడిగా ఉన్నప్పుడు కదలవు. లెన్స్ ఉబ్బి వల తెరుచుకున్నప్పుడే బయటికి వస్తాయి. ఒకవేళ మీ దగ్గర రాకపోతే కంట్లో వస్తాయి.

మా పద్ధతి: కొద్దిగా వంటసోడా కలిపిన సెలైన్‌ని వెచ్చగా ఉంచి, రాత్రంతా, మూడుసార్లు ద్రవం మార్చడం. 2009 వేసవిలో పెళ్ళిళ్ళ సీజన్. ఆర్డర్లు మీద పడుతున్నాయి. మూడు మార్పుల్లో ఒకటి ఎగ్గొట్టమని చెప్పింది నేనే. కొలతలన్నీ సరిగ్గా ఉన్నాయి, ఆటోక్లేవ్ (ఆవిరితో క్రిముల్ని చంపే యంత్రం) రికార్డు సరిగ్గా ఉంది, అంచులు చక్కగా ఉన్నాయి. వారం తిరక్కుండా ఇద్దరు కళ్ళ మంటతో వచ్చారు. క్రిములేమో అని భయపడ్డాం, కాదు. అదే లాట్‌లో మిగిలిన లెన్సుల్ని కొత్త సెలైన్‌లో రెండు రోజులు నానబెట్టి, ఆ నీటిని తెలిసిన ఒకాయన ల్యాబ్‌లో యూవీ స్పెక్ట్రోమీటర్‌లో పెట్టించాం. శుభ్రమైన సెలైన్‌లో ఉండకూడని గీత లేచింది. మిగిలిపోయిన సరుకు కారుతోంది. ఆ లాట్‌లో ఇచ్చిన లెన్సులన్నీ ఫోన్లు చేసి వెనక్కి తెప్పించాను. డబ్బు నష్టం పెద్దది కాదు కానీ, ఒక కంటి డాక్టర్ ఆ తర్వాత రెండేళ్ళు మాకు ఆర్డర్ ఇవ్వలేదు. ఇవ్వకపోవడం న్యాయమే.

ఈ సంగతి గుర్తుపెట్టుకుని పెద్ద ఫ్యాక్టరీల పద్ధతులు చూడండి. ఒక్కో పద్ధతి ఈ కడిగే బాధని ఒక్కోలా తేల్చుకుంది.

తిప్పి పోయడం

సాఫ్ట్ లెన్స్ పుట్టింది ప్రాగ్‌లో. ఒట్టో విఖ్టర్లే అనే చెక్ రసాయన శాస్త్రవేత్త, ద్రహోస్లావ్ లీమ్‌తో కలిసి 1950లలో ఈ హెమా జెల్ తయారుచేశాడు. మూసిన అచ్చుల్లో పోస్తే అంచులు చిరిగిపోయేవి. పై అధికారుల సహకారం ఆగిపోయింది. 1961 క్రిస్మస్‌కి ఇంట్లో వంటగదిలో కూర్చుని, పిల్లలు ఆడుకునే మెర్కూర్ అనే బిగింపు బొమ్మల సెట్టు, సైకిల్ డైనమో, కాలింగ్ బెల్ ట్రాన్స్‌ఫార్మర్ కలిపి ఒక యంత్రం కట్టాడు. తిరిగే చిన్న గిన్నెల్లో ద్రవం పోసి, తిరుగుతుండగానే గట్టిపరిచాడు. ఆ రోజు నాలుగు లెన్సులు వచ్చాయి. ఆ తర్వాత నాలుగు నెలల్లో 5,500 దాకా చేశాడంటారు.

కవ్వంతో మజ్జిగ చిలికేటప్పుడు మధ్యలో గుంట పడుతుంది కదా, అదే సూత్రం. గిన్నె అడుగు లెన్స్ ముందు వైపుని ఇస్తుంది. లోపలి వంపుని తిరిగే వేగం ఇస్తుంది. వేగం పెంచితే గుంట లోతవుతుంది, మధ్య భాగం పలచబడుతుంది, మైనస్ పవర్ పెరుగుతుంది. పై అచ్చు లేదు కాబట్టి అంచు నలగదు. ఈ పద్ధతి హక్కులు అమెరికా చేరి, బాష్ అండ్ లాంబ్ కంపెనీ చేతికి వచ్చాయి. 1971లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతితో సాఫ్లెన్స్ అనే పేరుతో లెన్సులు మార్కెట్లోకి వచ్చాయి. మీరు చిన్న యూనిట్‌గా ఇది చేయొచ్చు కదా అంటారేమో. లెన్స్ చేయొచ్చు. ఒకే వేగం, ఒకే ఉష్ణోగ్రత, ఒకే పరిమాణం చుక్క వేల గిన్నెల్లో నిలపడం వంటగది పని కాదు.

రెండు అచ్చుల పద్ధతి

ఇవాళ మీరు వాడే లెన్స్ దాదాపు ఖాయంగా ఇలాగే పుట్టి ఉంటుంది. సంక్రాంతికి కజ్జికాయలు వత్తే చెక్క గుర్తుందా? రెండు రెక్కలు, మధ్యలో పూర్ణం, మూసి నొక్కితే అంచున ఎక్కువైన పిండి తెగి బయటపడుతుంది. అచ్చం అదే. కింది అచ్చులో ఒక చుక్క ద్రవం, పైన రెండో అచ్చు. రెండూ కలిసే సన్నని అంచు దగ్గర మిగులు తెగిపోతుంది. ఆపైన యూవీ వెలుగో, వేడో ఇచ్చి గట్టిపరుస్తారు.

ఆ అచ్చులు ప్లాస్టిక్‌వి, ఎక్కువగా పాలీప్రొపిలీన్. ఒక్కో అచ్చు ఒక్క లెన్స్‌కే, తర్వాత పారేస్తారు. మీరు చదివిన ఇంజెక్షన్ మౌల్డింగ్ ఇక్కడ పనికొస్తుంది. లోహపు ఇన్‌సర్ట్‌ని వజ్రంతో చెక్కుతారు, దాని మీద ప్లాస్టిక్ అచ్చు, దానిలో లెన్స్. లోహం తాత, అచ్చు తండ్రి, లెన్స్ మనవడు. తాత మొహం మీద గీత ఉంటే లక్షల మంది మనవళ్ళకీ అదే గీత.

ఈ పద్ధతిలో బయటివాళ్ళు ఊహించని శత్రువు ఆక్సిజన్. అది గొలుసు కట్టనివ్వదు. ద్రవంలో కరిగిన ఆక్సిజన్‌ని తీసేయడమే కాదు, ప్లాస్టిక్ అచ్చు పీల్చుకున్నది కూడా లెన్స్ పైపొరని పాడుచేస్తుంది. అందుకే అచ్చుల్ని నైట్రోజన్‌లో ఉంచే ఫ్యాక్టరీలు ఉన్నాయి. రెండో శత్రువు కుంచించుకుపోవడం. ద్రవం గట్టిపడేటప్పుడు ఘనపరిమాణం బాగా తగ్గుతుంది. అచ్చు కొద్దిగా వంగి ఆ తగ్గుదలని సర్దుకోవాలి, లేదంటే లెన్స్‌లో బుడగలు, పగుళ్ళు.

దీనికి ఒక తెలివైన ఉపాయం 1980లలో డెన్మార్క్ నుంచి వచ్చింది, జాన్సన్ అండ్ జాన్సన్ కొనుక్కుంది. ద్రవంలో ముందే, నీరు కూర్చోవాల్సిన చోట చర్యలో పాల్గొనని ఇంకో ద్రవాన్ని కూర్చోబెడతారు. లెన్స్ ఉబ్బిన స్థితిలోనే గట్టిపడుతుంది. తర్వాత ఆ ద్రవాన్ని తోసేసి నీరు కూర్చుంటుంది. పొడి లెన్స్ అనే దశే లేదు, కాబట్టి విస్తరణ లెక్క తప్పే అవకాశం బాగా తగ్గింది. (పైన నేను 'గట్టిగా ఉంటుంది' అన్న మాటకి ఇది మినహాయింపు.) 1987లో వచ్చిన అక్యువ్యూ, తర్వాత 1995లో రోజువారీ లెన్స్ దీని మీదే నిలబడ్డాయి. లెన్స్‌ని వారానికో, రోజుకో పారేయడం అనే ఆలోచన వెనుక ఉన్నది చౌకగా, ఒకేలా పోత పోయగలగడమే.

నాకు మాత్రం అన్నిటికంటే నచ్చింది, సీబా విజన్ కంపెనీ డెయిలీస్ అనే రోజువారీ లెన్స్‌కి తెచ్చిన పద్ధతి. అక్కడ అచ్చులు క్వార్ట్జ్ గాజువి, పారేయరు, కడిగి మళ్ళీ వాడతారు. సరుకు హెమా కాదు, పాలీవినైల్ ఆల్కహాల్. గొలుసుల్ని ముందే కట్టేసి, ముందే శుభ్రం చేసి, నీళ్ళలో కరిగించి అచ్చులో పోస్తారు. యూవీ కొన్ని సెకన్లు ముడులు వేస్తుంది, అంతే. చిన్న అణువులు మిగలవు కాబట్టి ఆ పొడుగాటి కడుగుడు అక్కర్లేదు. కడగడాన్ని చివర నుంచి మొదటికి జరిపేశారు! 2009లో మంట పెట్టుకున్నవాడికి ఇది చదివితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

సిలికోన్ హైడ్రోజెల్‌కి వస్తే, 1999లో ఆ రకం లెన్సులు రెండు వచ్చాయి, ప్యూర్‌విజన్, నైట్ అండ్ డే. మామూలు జెల్‌లో ఆక్సిజన్ నీటిలో కరిగి వెళ్తుంది, సిలికోన్‌లో సిలికోన్ గుండానే వెళ్తుంది, చాలా ఎక్కువగా. నూనె, నీరు కలవనట్టే సిలికోన్‌కీ నీటికీ పొసగదు. వాటిని కలిపి ఉంచడానికి వేసే ద్రావకం, మిగిలిపోయిన సిలికోన్ నీటికి రావు కాబట్టి ఆల్కహాల్‌తో కడగాలి. ఆల్కహాల్‌లో లెన్స్ విపరీతంగా ఉబ్బుతుంది, మళ్ళీ నీటిలోకి తెచ్చి దించాలి. పైగా ఉపరితలం కన్నీటిని తోసేస్తుంది. మొదటి తరం వాటికి ప్లాస్మాతో (రక్తంలోది కాదు, విద్యుత్తుతో ఉత్తేజపరిచిన వాయువు) పైపూత వేశారు. తర్వాత వచ్చిన వాటిలో నీటిని ఇష్టపడే పీవీపీ లాంటి గొలుసుల్ని లోపలే ఇరికించారు. మీ నెలవారీ లెన్స్ ధర ఎందుకు అంత అని ఎవరైనా అడిగితే, ప్లాస్టిక్ ఖరీదు చూపించకండి, కడిగే తొట్లు చూపించండి.

తర్వాత లెన్స్‌ని సెలైన్‌లో తేలుతుండగా కెమెరాలు చూస్తాయి. చిరుగు, బుడగ, అంచు పలుకు, డబ్బా ఖాళీగా ఉండటం, ఒకదానిలో రెండు పడటం. ఆపైన బఫర్ కలిపిన సెలైన్, రేకు సీల్, అప్పుడు ఆవిరి. సీల్ వేశాకే స్టెరిలైజ్ చేస్తారు, ముందు కాదు. 121 డిగ్రీల దగ్గర లోపలి నీరు ఆవిరై రేకుని పేల్చకుండా, బయట నుంచి గాలి ఒత్తిడి కూడా ఇస్తారు. మేం గాజు సీసాల్లో, రబ్బరు మూత, అల్యూమినియం క్యాప్ బిగించి పెట్టేవాళ్ళం. ప్రతి లోడ్‌తో వేడికి మొండిగా నిలిచే బ్యాక్టీరియా బీజాల స్ట్రిప్ ఒకటి. అది చచ్చిందని తేలాకే సరుకు బయటికి.

మరి మీ యూనిట్ సంగతి

పోత పద్ధతి ఎందుకు కుదరదో ఒక్క గుణకారం చెబుతుంది. -0.50 నుంచి -6.00 దాకా పావు చొప్పున 23 పవర్లు. సిలిండర్ (ఆస్టిగ్మాటిజానికి వేసే పవర్) ఉన్న లెన్సులు కూడా చేయాలంటే, మూడు సిలిండర్లు, పదేసి డిగ్రీలకి ఒక యాక్సిస్ (ఆ పవర్ ఉండే కోణం) చొప్పున 18. 23ని 3తో, 18తో గుణిస్తే 1,242 రకాలు. ప్రతి రకమూ పరీక్షించాలి, స్టాకు పెట్టాలి, గడువు తేదీ దాటకుండా అమ్మాలి. కోట్లలో అమ్మేవాడికి ఇది వ్యాపారం, మీకూ నాకూ గోడౌన్ నిండా పాత సరుకు.

లేత్ బతికేది పెద్దవాళ్ళు చేయని చోట. మా దగ్గరకి శ్రీకాకుళం వైపు నుంచి ఒక పాపని తెచ్చేవారు. పుట్టుకతో శుక్లాలు, ఆపరేషన్ అయ్యింది, కంట్లో లెన్స్ ఇంకా పెట్టలేదు. కావాల్సింది +26, వంపు 7.5. ఏ షాపులోనూ దొరకదు. పిల్ల పెరిగే కొద్దీ కన్ను పెరుగుతుంది, పవర్ దిగుతుంది, కొన్ని నెలలకోసారి కొత్త లెన్స్. పొద్దున ఫోన్ వస్తే మర్నాడు సాయంత్రం బస్సులో పంపేవాళ్ళం. అలాగే కంటిపాప మీద తెల్లమచ్చ కప్పే రంగు లెన్సులు, -18 లాంటి పవర్లు, ఎక్కువ సిలిండర్లు. మన ఊళ్ళో ఎల్వీ ప్రసాద్ క్యాంపస్, ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి, ఇంకా ఎన్నో పెద్ద ఆసుపత్రులు ఉన్నాయి. ఇలాంటి కళ్ళు శ్రీకాకుళం, విజయనగరం నుంచే కాదు, ఒడిశా నుంచి కూడా ఇక్కడికే వస్తాయి. మీ మార్కెట్ అది. పెద్దది కాదు, నిజమైనది.

కాంటాక్ట్ లెన్స్ మన చట్టం ప్రకారం వైద్య పరికరం. వైద్య పరికరాల నియమాలు 2017 కింద తయారీ లైసెన్సు కావాలి, ఐఎస్ఓ 13485 (వైద్య పరికరాల నాణ్యతా ప్రమాణం) పద్ధతిలో రికార్డులు కావాలి. మెడ్‌టెక్ జోన్‌లో జాగా తీసుకుంటే పరీక్షల సౌకర్యాలు పక్కనే ఉండటం మంచి లాభం. లైసెన్సు తిప్పలు మాత్రం మీవే. రికార్డులు రాసే మనిషిని లేత్ ఆపరేటర్ కంటే ముందు వెతుక్కోండి. నాకు దొరికిన ఒక అమ్మాయి బ్యాంకు ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాక ఆరు నెలలు నిద్రపోలేదు నేను.

సెకండ్‌హ్యాండ్ లేత్ చవగ్గా వస్తోందని ఎవరో చెప్పి ఉంటారు, అందుకే అడుగుతున్నారని నా అనుమానం. కొనొద్దు, ఇప్పుడే కాదు. ముందు మూడు వందల రూపాయలు పెట్టి గాలిలో తేమ కొలిచే హైగ్రోమీటర్ ఒకటి కొనండి. మీరు చూసిన జాగాలో పెట్టి, ఈ వానాకాలం అంతా తెల్లవారుజామున అయిదింటికీ, మధ్యాహ్నం రెండింటికీ ఎంత చూపిస్తుందో, కరెంటు ఎన్నిసార్లు పోయిందో ఒక నోట్‌బుక్‌లో రాయండి. అక్టోబర్ దాటాక ఆ నోట్‌బుక్ ఫొటోలు పెట్టి మళ్ళీ అడగండి, డీహ్యూమిడిఫైయర్ ఎంత సైజుది కావాలో లెక్కేసి చెబుతాను.